నల్లగొండ, పాలమూరు బాటలలో ఆటో ఎలక్ట్రికల్ వృత్తి

హైదరాబాదు నుండి తూర్పుగా విజయవాడకు పోవు బాటయు, దక్షిణముగా కర్నూలునకు పోవు బాటయు నల్లగొండ, మహబూబ్‌నగరు (పాలమూరు) జిల్లాల బ్రదుకుతెరువును మలచినంతగా, వాని పొలిమేరల నొరసికొని పారు కృష్ణానది సైతము చిరకాలము మలచలేకపోయినదని చెప్పుట సాహసము కాదు. ఏలయన నీరు పల్లమునకు పోవును, మెరక భూములందలి మనుష్యుడు మాత్రము కూలికి, సరకునకు, వైద్యమునకు, వ్యాజ్యమునకు బాట నాశ్రయించియే బ్రదికినాడు. మొదటి బాట మొన్నటి వరకు 9వ నెంబరు జాతీయ రహదారి. 2010లో దేశమంతట నెంబర్లు మార్చినపుడు అది 65వది యైనది. రెండవది 7వ నెంబరు వీడి 44వది యైనది. చౌటుప్పల్, చిట్యాల, నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట, కోదాడ మొదటి బాటను అంటియుండగా, షాద్‌నగర్, జడ్చర్ల, కొత్తకోట, పెబ్బేరు రెండవ దానిని అంటియున్నవి. ఈ ఊళ్ళలో ఏ ఊరి చివర నిలిచి చూచినను, చార్జింగునకు పెట్టిన బ్యాటరీల వరుసయు, గోడకు వ్రేలాడు పాత తీగల కట్టలును, ‘ఆటో ఎలక్ట్రికల్ వర్క్స్’ అను బోర్డును గల రేకుల కొట్టము ఒకటి కనబడక మానదు. రాజుల చరిత్రను, పోరాటముల చరిత్రను ఈ జిల్లాలు ఘనముగా వ్రాసికొన్నవి. ఆ రేకుల కొట్టముల చరిత్రను మాత్రము ఎవరును వ్రాయలేదు. అందులో ఒక అధ్యాయము, కార్లకు బయటి అంగళ్ళలో బిగించిన దొంగతనపు అలారములకును, వాని వలన చిక్కుపడిన మరమ్మతులకును సంబంధించినది, ఇప్పుడు వ్రాయకున్న కనుమరుగగునను చింతతో ఈ వ్యాసమునకు పూనుకొంటిని.

యంత్రవాహనములు ఈ ప్రాంతమునకు జనసామాన్యపు వాడుకలోనికి వచ్చినది బస్సుల రూపమున. నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ తన ఆధీనమున రోడ్డు రవాణా విభాగమును 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో ఆరంభించెను. సూర్యాపేట వంటి పెద్ద పట్టణమునకు నేటికిని రైలు లేదు. నల్లగొండకే చాల ఆలస్యముగా రైలు వచ్చినది. కావున ఈ సీమలో మోటారు బండి విలాసవస్తువుగా గాక, ప్రయాణమునకు ఏకైక సాధనముగా నాటుకొన్నది. ఆ కాలపు బండిలో విద్యుత్తు పాత్ర స్వల్పము. అమెరికాలో కెటరింగ్ అను శాస్త్రజ్ఞుడు 1912లో కాడిలాక్ కారునకు విద్యుత్తుతో తిరుగు స్టార్టరును అమర్చినను, మన బాటలపై బండిని చేతి హ్యాండిలుతో త్రిప్పి లేపు ఆచారము తరువాత చాలకాలము సాగినది. దీపములు, హారను, డైనమో, బ్యాటరీ, ఇంజనులో నిప్పురవ్వను పుట్టించు కాయిలు: విద్యుత్తు పని యంతయు వీనిలోనే ఇమిడియుండెను. ఇంజను పని చేయువాడే ఆ కొద్దిపాటి తీగల పనియు చేసెడివాడు.

ఆ రెండు పనులు వేరుపడి, తీగల పని స్వతంత్ర వృత్తి యగుటకు మూడు కారణములు కూడివచ్చినవి. 1955 డిసెంబరు 10న నందికొండ వద్ద నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగిన నాటి నుండి 1967లో కాలువలకు నీరు విడిచిన నాటి వరకు, లారీలు, జీపులు, రోడ్డు రోలర్లు వందలుగా నల్లగొండ జిల్లా మట్టి బాటలపై తిరుగాడినవి. అది మొదటి కారణము. 1951లో బెంగుళూరున మైకో, 1961లో మద్రాసు చేరువ పాడిలో లూకాస్ టీవీఎస్ సంస్థలు నెలకొని, స్పార్కు ప్లగ్గులు, డైనమోలు, సెల్ఫ్ మోటార్లు దేశములోనే తయారగుచు, వాని విడిభాగములు హైదరాబాదులోని పుత్లీబౌలి, రాణిగంజ్ అంగళ్ళ మీదుగా జిల్లా పట్టణములకు చేరుట రెండవది. మూడవది ఈ మెట్టసీమ కరవు. బావులెండి బోర్లు వేసిన చోటులందు కరెంటు హెచ్చుతగ్గులకు మోటార్లు మాటిమాటికి కాలిపోవుచుండగా, రాగితీగను లెక్కప్రకారము చుట్టి వార్నిషు పోసి ఆరబెట్టు వైండింగు విద్య ప్రతి మండల కేంద్రమునకు ప్రాకినది. బోరు మోటారును చుట్టిన చేతికి సెల్ఫ్ మోటారు ఆర్మేచరును చుట్టుట పెద్ద దూరము కాదు. కరవు ఈ నేలనుండి ఎందరినో బొంబాయికి వలస పంపినదనుట సత్యమే. అదే కరవు కొందరి చేతులలో ఒక విద్యను కూడ పెట్టినదనుట అంతే సత్యము.

విద్యాలయముల మాట వచ్చినపుడు వనపర్తిని విడువరాదు. ఆ సంస్థానపు రాజభవనములో 1959లో పాలిటెక్నిక్ కళాశాల వెలసి, రాజులు కొలువు తీరిన గదులలో పాలమూరు బాలురు యంత్రవిద్య నేర్చుకొనిరి. కాని ఆటో ఎలక్ట్రికల్ వృత్తికి అసలు బడి అది కాదు. అసలు బడి ఉస్తాదు కొట్టము. పదిపన్నెండేండ్ల పోరడు స్పానరు అందించుటతో మొదలుపెట్టి, బ్యాటరీలో నీరు పోయుట, దీపము మార్చుట, హారను సరిచేయుట, డైనమో విప్పుట అను మెట్లెక్కి, ఏడెనిమిదేండ్లకు తన పేర బోర్డు కట్టుకొనెడివాడు. ఉర్దూ తెలుగు కలగలిసిన ఆ కొట్టములలో మతభేదము కంటె చేతిపని తారతమ్యమే లెక్కకు వచ్చెడిది. అక్కడ పుస్తకము లేదు, బొమ్మ లేదు. అంబాసిడరు తీగల మార్గమంతయు ఉస్తాదు జ్ఞాపకములో ఉండెను. శిష్యుడు ఆ జ్ఞాపకమును కంటితో చూచి తన జ్ఞాపకమునకు ఎక్కించుకొనెను. ఈ పద్ధతి బలమును, లోపమును రెంటిని గుర్తుంచుకొన్నగాని తరువాతి కథ బోధపడదు. తీగలు కొలదిగా ఉండి, అన్ని బండ్లలో ఒకే తీరున ఉన్నంతకాలము మనస్సు చాలినది.

ఉస్తాదుల ప్రధానాయుధము చెకింగ్ బల్బు. చిన్న బల్బునకు రెండు తీగలు కట్టి, ఒకటి బండి ఇనుమునకు తాకించి, రెండవ దాని కొసను సూదిగా చేసి తీగ తొడుగులో గ్రుచ్చిన, కరెంటు ఉన్నచో వెలుగును, లేనిచో వెలుగదు. ఆ సూదిమొన నమ్మకముతో ముప్పది నలువదేండ్లు ఈ జిల్లాల బండ్లన్నియు నడిచినవి.

ఇక దొంగల మాట. లారీకి క్లీనరు కాపలా. అతడు రాత్రి క్యాబినులోనో, టాపు మీదనో పండుకొనును. దొరల గడీలలో కారునకు డ్రైవరు కాపలా. ఊళ్ళో కార్లు ఒకటి రెండే కనుక వానిని దొంగిలించిన వాడు దాగుటకు చోటుండదు. కావున యంత్రమే అరచి యజమానిని లేపవలెనను ఊహ అప్పటి వారికి పుట్టుటకు అవసరము లేకపోయెను. 1983 డిసెంబరులో మొదటి మారుతి 800 రోడ్డెక్కిన పిదపను, ఒక దశాబ్దము వరకు ఆ కారు ఈ జిల్లాలలో వైద్యులకు, కంట్రాక్టర్లకు, మిల్లు యజమానులకు మాత్రమే పరిమితమై యుండెను. 1990 తరువాత బ్యాంకు అప్పులు సులభమై, 1998లో శాంత్రో, ఇండికా వంటి కొత్త కార్లు వచ్చి, ఉపాధ్యాయుడు, ఎరువుల వ్యాపారి, మిర్యాలగూడ బియ్యపు వర్తకుడు కూడ కారు కొనగలిగిన నాడు పరిస్థితి మారినది. కొన్నవాడే నడిపెడివాడు. రాత్రి వేళ కారు వీధిలో ఒంటరిగా నిలిచెడిది. హైదరాబాదుకు పనిమీద పోయినపుడు కోఠీలోనో, అబిడ్సులోనో గంటలకొలది విడిచిపోవలసి వచ్చెడిది. కాపలా మనిషి స్థానము ఖాళీ యైనది. ఆ ఖాళీలో అలారము ప్రవేశించినది.

కంపెనీ వారు కార్లకు అప్పటికి తాళపుచెవి తప్ప మరే రక్షణయు ఇచ్చుట లేదు. కావున కారు కొన్న వారమునాడే సీటు కవర్లు, స్టీరియో, సెంటర్ లాకు, అలారము బిగించుకొనుట పెండ్లిలో సారె పెట్టినట్టి ఆచారమైనది. ఆటోకాప్ వంటి పేరున్న సరుకుతో బాటు, పేరూరు లేని చౌక సరుకు కూడ హైదరాబాదు అంగళ్ళనుండి వచ్చి పడినది. 2002లో అమలునకు వచ్చిన మోటారు బీమా టారిఫులో, పూనాలోని ఆటోమోటివ్ పరిశోధన సంస్థ ఆమోదించిన దొంగతన నిరోధక పరికరమును అమర్చి, ఆ అమరికకు ఆటోమొబైల్ సంఘము ధ్రువపత్రము పొందినవారికి, సొంత నష్టపు ప్రీమియములో రెండున్నర శాతము, గరిష్ఠముగా 500 రూపాయలు తగ్గింపు ఇచ్చుటకు నిబంధన యుండెను. ఆ నిబంధనలోని వివేకమును గమనింపవలెను: పరికరము మంచిదైనంత మాత్రమున చాలదు, దానిని అమర్చిన పనిని మరియొకరు చూచి సంతకము చేయవలెనని అది కోరినది. మన ఊళ్ళలో ఆ సంతకము కొరకు పోయిన వారు అరుదు. అమర్చిన వాడు, అమర్పించుకొన్నవాడు తప్ప ఆ పనికి మూడవ సాక్షి లేకపోయెను.

ఆ పని ఎట్టిదో కొంత విపులముగా చెప్పవలెను. జరిగిన చిక్కులన్నిటికి మూలము అందున్నది. అలారము పెట్టెలో మెదడు వంటి చిన్న డబ్బా యొకటి, బానెట్టులో బిగించు సైరను, కారును కదిపినను కొట్టినను గుర్తించు షాక్ సెన్సారు, డ్యాష్‌బోర్డుపై మిణుకుమిణుకుమను ఎర్రదీపము, రెండు రిమోట్లు ఉండును. డబ్బానుండి పది పన్నెండు రంగుల తీగలు వెలువడును. ఒకటి బ్యాటరీకి, ఒకటి బాడీ ఎర్తుకు, ఒకటి తాళపుచెవి త్రిప్పినపుడు మాత్రమే కరెంటు వచ్చు తీగకు, ఒకటి తలుపుల స్విచ్చులకు, రెండు ఇండికేటర్లకు, మిగిలినవి సెంటర్ లాకునకు. ఇవన్నియు ఉన్న తీగలకు ప్రక్కన అతికించునవి. అవి తెగినను కారు నడుచును. వీనికి మించినది ఇంజను కట్ రిలే. ఇందుకు కారులోని అసలు తీగను, అనగా ఇంజనునకు కరెంటు నిచ్చు తీగనో, పెట్రోలు పంపునకు పోవు తీగనో, నడిమికి కోసి, తెగిన రెండు కొనలను రిలే ద్వారా కలుపుదురు. అలారము మ్రోగినపుడు రిలే విడివడును, ఇంజను ఆగును. దొంగకు దొరకకుండుటకై ఆ కోతను ఎంత లోపల, ఎంత చీకటిలో, ఎంత రహస్యముగా చేసిన అంత నేర్పరితనమని ఎంచిరి. దొంగ కన్ను గప్పుటకు చేసిన ఆ రహస్యమే పదేండ్ల తరువాత కారును బాగుచేయవచ్చిన సాటి పనివాని కన్ను గప్పినది.

కార్బురేటరు కాలములో దీనివలన పెద్ద ప్రమాదము లేకుండెను. రిలే చెడిన ఇంజను ఆగును. చెకింగ్ బల్బు పట్టుకొని పావుగంట వెదకిన కోత దొరకును. రెండు కొనలను మెలివేసి టేపు చుట్టిన కారు నడుచును. కాని 2000 ఏప్రిల్ 1 నుండి దేశమంతట పొగపై కట్టుబాట్లు బిగిసినవి. కార్బురేటరు పోయి, ఇంజను శ్వాసను, వేడిని, వేగమును సెన్సారులతో కనిపెట్టి పెట్రోలును కొలిచి చిమ్మించు ఈసీఎం అను కంప్యూటరు పెట్టె వచ్చినది. 2005లో, 2010లో, 2017లో, 2020లో కట్టుబాట్లు ఒకదానిమీద నొకటి కఠినమగుచు పోయిన కొలది ఆ పెట్టె అధికారము పెరిగినది. పాత బండిలో కరెంటు ఉన్నదా లేదా అనునదే ప్రశ్న. కొత్త బండిలో కరెంటు ఎంత ఉన్నది, ఎంత నిలకడగా ఉన్నది అనునది ప్రశ్న. బల్బు వెలిగినది కదా యని తృప్తి పడుటకు వీలులేని కాలము వచ్చినది.

ఇక్కడనే అలారము తెచ్చిన అసలు తంటా ఉన్నది. పెట్రోలు పంపు తీగను కోసి రిలే పెట్టినారనుకొందము. ఐదారేండ్లకు రిలేలోని మొనలు మాడి గుంటలు పడును. పంపునకు పండ్రెండు వోల్టులు చేరవలసిన చోట తొమ్మిదో పదో చేరును. పంపు ఆగదు, బలహీనముగా తిరుగును. ఇంజనునకు పెట్రోలు చాలదు. పొగగొట్టములోని ఆక్సిజన్ సెన్సారు ఆ కొరతను పసిగట్టి ఈసీఎంనకు విన్నవించును. ఈసీఎం తనకు తోచిన సంకేతసంఖ్యను దాచియుంచి డ్యాష్‌బోర్డుపై ఇంజను గుర్తును వెలిగించును. స్కానరు తగిలించిన వానికి ఆ సంఖ్య ఆక్సిజన్ సెన్సారు వైపో, పంపు వైపో వ్రేలు చూపును. వేల రూపాయలు పోసి సెన్సారు మార్తురు, గుర్తు ఆరదు. పంపు మార్తురు, నాలుగు దినములు బాగుండి మరల మొదలగును. డ్యాష్‌బోర్డు క్రింద నల్లటేపులో చుట్టబడిన పాత రిలే పేరు ఏ స్కానరును చెప్పదు, ఏలయన ఆ రిలే ఉన్నట్లు కారునకే తెలియదు. రోగి తాను ముందుగా వాడిన నాటుమందు మాట దాచిపెట్టి వైద్యుని ఎదుట నాడి చాచినట్లుండును ఆ కారు స్థితి. దాచవలెనను దురుద్దేశము యజమానికి లేదు. చాలసారులు అతనికే తెలియదు. హైదరాబాదులో ఒకరు కొని, అలారము పెట్టించి, ఐదేండ్లు నడిపి అమ్మగా, నల్లగొండలో మరియొకరు కొని ఏపీ 24 నంబరు బండ్ల నడుమ త్రిప్పి, మహబూబ్‌నగరులో ఏపీ 22 వారికి అమ్మిన కారులో, రిమోటు ఎప్పుడో పోయి, సైరను నోరుపడి, ఎర్రదీపము ఆరిపోయి, రిలే మాత్రము సజీవముగా మిగిలియుండును.

బ్యాటరీ దిగిపోవుట రెండవ తంటా. జనులకు ఎక్కువగా అనుభవమున్నది ఇదే. “ఉస్తాద్, రాత్రి మంచిగనే ఉండె, పొద్దుగాల సెల్ఫ్ తీస్కుంటలేదు” అని యజమాని చెప్పుటయు, ఆరితేరిన ఉస్తాదు బ్యాటరీ ముట్టకముందే “సార్, దీనికి అలారం ఎవరు పెట్టిన్రు?” అని అడుగుటయు ఈ బాటల మీద సర్వసాధారణమైనది. లెక్క సులభము. మారుతి 800 వంటి చిన్న కారు బ్యాటరీ సామర్థ్యము 35 ఆంపియర్ అవర్ల ప్రాంతమున ఉండును. తాళము వేసి నిలిపిన మంచి కారు 50 మిల్లీ ఆంపియర్లకు లోపలే తీసికొనును. ఆ లెక్కన కారు మూడు నాలుగు వారములు కదలక నిలిచినను బ్యాటరీ పూర్తిగా ఎండదు. చెడిన అలారము అర ఆంపియరు తీసికొన్నచో దినమునకు 12 ఆంపియర్ అవర్లు పోవును; మూడవ దినము ముగియక మునుపే బ్యాటరీ అడుగంటును, సెల్ఫ్ మోటారు అంతకు ముందే మొండికేయును. ఈ సంగతి తెలియక బ్యాటరీలు మార్చినవారు, ఆల్టర్నేటరు విప్పించినవారు ఎందరో కలరు.

దీనిని పట్టుకొను పద్ధతి ఈ వృత్తివారి బుద్ధికుశలతకు నిదర్శనము. బ్యాటరీ నెగటివు తీగను విప్పి, నడుమ ఆమ్మీటరు పెట్టి, ఫ్యూజులను ఒక్కొక్కటిగా లాగుచు ముల్లు ఎప్పుడు పడునో చూతురు. ముల్లు పడిన ఫ్యూజు దారిలో దోషమున్నదని అర్థము. అన్ని ఫ్యూజులను లాగినను ముల్లు పడకున్నయెడల, కంపెనీ ఏర్పరచిన ఫ్యూజుల దారి కాక వేరొక దారిలో ఎవరో బ్యాటరీని నేరుగా ముట్టుకొన్నారని తేలును. ఆ ఎవరో అన్నది చాలమట్టుకు అలారమే. ఈ తర్కమును ఏ గ్రంథమునందును చదువక, పని చేయుచు కనుగొని, శిష్యులకు నోటిమాటగా అందించినవారిని పండితులనుటకు నేను సందేహింపను.

మెట్టసీమ ఎండ ఈ తంటాలను ద్విగుణము చేసినది. నల్లగొండ, పాలమూరులలో వేసవిని వేడిమి 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. ఆ ఎండలో అద్దములు మూసి నిలిపిన కారు డ్యాష్‌బోర్డు లోపల ఎంత కాగునో చెప్పనక్కరలేదు. చౌక ఇన్సులేషన్ టేపు జిగురు కరిగి జారును. మెలివేసిన రాగి నగ్నమగును. చెలకమట్టి దుమ్ము దానిపై పేరుకొని, తొలకరి తేమకు చిలుము పట్టును. కంపెనీ తీగలు ఒకే తీరు టేపుతోనో, ముడుతల గొట్టముతోనో కప్పబడి యుండును గనుక, వాని నడుమ వేరొక మెరుపుగల టేపు కనబడిన చోటనే ఉస్తాదు చేయి ఆగును. అనుభవజ్ఞుడు స్కానరు కంటె ముందు టేపును చదువును.

ఇతర దేశముల వారు ఈ సమస్యను వేరొక దారిని పరిష్కరించిరి. ఐరోపా వారు 1995లో చేసిన శాసనము ప్రకారము 1998 నుండి కొత్త కార్లన్నిటికి ఫ్యాక్టరీలోనే ఇమ్మొబిలైజరు అమర్చుట తప్పనిసరి యైనది. తాళపుచెవి తలలో ఒక చిప్పు, తాళపు గొట్టము చుట్టు ఒక తీగచుట్ట. ఆ చిప్పు సంకేతమును ఈసీఎం గుర్తించినగాని ఇంజను లేవదు. అందు ఏ తీగను కోయుట లేదు. ఉన్నదంతయు కంపెనీ చిత్రపటములో గీయబడి యున్నది. మన దేశములో ఆ ఏర్పాటు ఆలస్యముగా, ఖరీదైన కార్లనుండి చౌక కార్లకు మెల్లగా దిగివచ్చినది. ఆ ఆలస్యపు పదిపదిహేనేండ్లలోనే బయటి అలారముల రాజ్యము సాగినది. రెంటిని ఒకే కారులో పెట్టినవారును కలరు. రిమోటుతో ఇంజనును దూరమునుండియే లేపవలెనను ముచ్చటతో చిప్పుగల రెండవ తాళపుచెవిని డ్యాష్‌బోర్డు లోపల శాశ్వతముగా కట్టివేయించుకొని, తాము డబ్బు పోసి కొన్న రక్షణను తామే నిరర్థకము చేసికొనిరి.

బోష్ సంస్థ 1986లో ప్రకటించిన క్యాన్ పద్ధతి సామాన్య కార్లకు చేరిన తరువాత పాత అలవాట్లకు ఇంకను పెద్ద దెబ్బ తగిలినది. ఈ పద్ధతిలో మెలివేసిన రెండు సన్నని తీగలపై కారులోని కంప్యూటరు పెట్టెలన్నియు పరస్పరము సంభాషించును. ఆ తీగల రెండు కొసలందు 120 ఓముల చొప్పున నిరోధములుండును గనుక, మీటరు పెట్టి కొలిచిన 60 ఓములు చూపవలెను. అందు వోల్టుల తేడా బహు స్వల్పము. చెకింగ్ బల్బు సూదిని అందు గ్రుచ్చిన, ఆ బల్బు త్రాగు కరెంటు పెట్టెల సంభాషణను చెరచును. గాలిసంచుల (ఎయిర్‌బ్యాగుల) తీగలు పసుపుపచ్చని కప్లర్లతో గుర్తింపబడి యుండును. 2019 జూలై నుండి డ్రైవరు వైపు గాలిసంచి తప్పనిసరి యైనది కావున చౌక కారులో కూడ ఇప్పుడా పసుపుపచ్చ కప్లరు ఉన్నది. అందు బల్బు పెట్టినవాని ముఖముపైననే సంచి ప్రేలవచ్చును. తరతరములుగా అన్నము పెట్టిన పనిముట్టును ప్రక్కన పెట్టి మల్టీమీటరునకు అలవాటుపడవలసి వచ్చిన నడివయస్సు ఉస్తాదుల కష్టము చిన్నది కాదు. కొందరు నేర్చుకొనిరి. కొందరు లారీలకు, ట్రాక్టర్లకు మరలిరి. కొందరు కొట్టము కట్టివేసిరి.

ఇందు దోషము ఎవరిదను ప్రశ్నకు, అలారము పెట్టినవానిదని తేలికగా తీర్పు చెప్పుదురు. కంపెనీ షోరూముల వారు తీగ కోసిన కారునకు వారంటీ లేదని చెప్పి చేతులు దులుపుకొనుటయు సాధారణమే. నేనట్లు తలపను. తీగ కోసినవాడు తనకు తెలిసిన విద్య ప్రకారము, యజమాని కోరిక మీద, ఆనాటి బండికి తగినట్లే కోసినాడు. అతనికి ఏ తీగ ఎచటికి పోవునో తెలుపు చిత్రపటమును ఏ కంపెనీయు ఇవ్వలేదు. అవి డీలర్ల వర్క్‌షాపులలో బీరువాలలో ఉండెను. చిత్రపటము చేతికిచ్చి యుండిన, ఈసీఎం సరఫరా తీగను విడిచి హాని లేని చోట కోసియుండెడివాడు. మరమ్మతు చేయువారికి సమాచారమును నిరాకరించి, పిమ్మట వారు తప్పు చేసిరని నిందించుట న్యాయము కాదు. అలారము పెట్టినవాని లోపమేదైన ఉన్నచో అది ఒక్కటే: తాను చేసిన దానిని ఒక కాగితముపై వ్రాసి కారులో ఉంచకపోవుట. ఏ రంగు తీగను ఎక్కడ కోసినాడో నాలుగు పంక్తులు వ్రాసి పత్రముల సంచిలో పెట్టి యుండిన, తరువాతి వానికి రెండు దినముల పని అరగంటకు వచ్చియుండును. కాని ఉస్తాదు కొట్టములో అతనికి వ్రాత నేర్పినదెవరు? జ్ఞాపకమే గ్రంథముగా బ్రదికిన వృత్తికి ఆ అలవాటు ఒక్క తరములో రాదు.

అలారము తీసివేయుట దానిని పెట్టుటకంటె ఓర్పుగల పని. డబ్బా పీకి పారవేసిన చాలదు. అట్లు పీకినచో కోతపడిన తీగ కొనలు విడిపోయి ఇంజను లేవదు. తీగలను డబ్బానుండి ఒక్కొక్కటిగా వెంబడించి, ప్రక్క అతుకులను విప్పి ఆ చోట్లను మూసి, కోసిన చోట రెండు కొనలను మెలిపెట్టుటతో సరిపెట్టక టంకము పోసి, వేడికి ముడుచుకొను తొడుగు వేసి, తీగను దాని పూర్వపు కట్టలో చేర్చి చుట్టవలెను. ఆ తరువాత ఈసీఎంలోని పాత సంకేతసంఖ్యలను తుడిచి, కొంత దూరము నడిపి, మరల వచ్చునేమో చూడవలెను. ఇట్లు శ్రద్ధగా చేసినవారి కూలి, హడావుడిగా అలారము బిగించినవారి కూలికంటె తక్కువగా ఉండుట నాకు ఎప్పుడును బాధ కలిగించు విషయము. క్రొత్త వస్తువు చేతికి వచ్చినపుడు యజమాని సంతోషముగా డబ్బిచ్చును. పాత వస్తువు తొలగింపబడినపుడు తనకేమి వచ్చినదని అడుగును.

2012 నాటికి విజయవాడ రోడ్డు నాలుగు వరుసలై, పంతంగి, కొర్లపహాడ్ టోలుగేట్లు వెలసినవి; ప్రయాణికులు ఊళ్ళను తాకకయే పోవుట హెచ్చినది. 2016 అక్టోబరులో జిల్లాలు చీలి, సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయినవి. నేటి కార్లకు అలారము, ఇమ్మొబిలైజరు ఫ్యాక్టరీ నుండియే వచ్చుచున్నవి గనుక బయటి సైరనుల వ్యాపారము సన్నగిల్లినది. ఐనను తీగను కోయు పని ఆగలేదు. అది వేరొక రూపు ధరించినది. అప్పు ఇచ్చు సంస్థలు వాయిదాలు కట్టనివారి బండిని కనిపెట్టుటకు జీపీఎస్ ట్రాకర్లు బిగించుచున్నవి. ప్రయాణికుల అద్దె వాహనములకు బండి ఉన్న చోటును తెలుపు ఏఐఎస్ 140 ప్రమాణము ననుసరించు పరికరములు వచ్చినవి. వీనిలో కొన్నిటికి దూరమునుండి ఇంజనును ఆపుటకై అదే రిలే, అదే కోత ఉన్నది. అప్పు తీరిన తరువాత పరికరపు సిమ్ కార్డు ఆగిపోవును, డబ్బా బండిలోనే ఉండిపోవును. కోత పెట్టకముందు ఫోనుతో తీగల చిత్రము తీసి ఉంచుకొను అలవాటు పడుచు ఎలక్ట్రీషియన్లలో వ్యాపించుచున్నది. ఆ చిత్రము కోసినవాని ఫోనులో ఉండక బండి యజమానికి కూడ చేరవలెనని, ట్రాకరు బిగించు సంస్థలు రిలే పెట్టిన చోటును రిజిస్ట్రేషను పత్రముతో బాటు వ్రాసి ఇయ్యవలెనని ఆటో ఎలక్ట్రీషియన్లు అడుగుట యుక్తము, ప్రభుత్వము వారు ఆ మాట వినుట అవసరము.